గాలి చీటీలు

మే 6, సోమవారం

ఈ ఉదయం షాపు వెనక గది తలుపు తీసేసరికి కాగితపు పీలిక ఒకటి ఒంటరిగా ఆడుతూ కనిపించింది. శనివారం పరీక్షకని నడిపి వదిలి వెళ్లిన కంప్యూటరు, దాని పైజాలీకి నేను అంటించిన పీలిక. ఆదివారమంతా గదిలో ఎవరూ లేరు. అయినా అది అలా పైకి లేచి వణుకుతూనే ఉందన్నమాట. కాసేపు నిలబడి చూశాను. తర్వాత వేడి చూశాను. అరవై ఎనిమిది డిగ్రీలు దాటలేదు.

మాస్టారికి చెప్పాను. "ఆదివారం కూడా పని చేసిందా? అయితే ఇవాళ దానికి సెలవియ్యి" అన్నారు. షాపు ఆయనదే. పాతికేళ్లు టైపు నేర్పించి, ఆ మిషన్లు మూలపడ్డాక ఇందులోకి దిగారు. మాస్టారు అన్న పేరు మాత్రం ఆయనతోపాటే వచ్చేసింది.

పెద్ద ఆర్డరు వచ్చింది. గేమ్ సెంటర్ తెరుస్తున్న ఒకాయనకు పన్నెండు కంప్యూటర్లు కావాలట. మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్ వేలాడుతుంది. అది చెవుల మీద లేకపోయినా ఎదుటివాళ్ల మాట వినిపించుకోడు. ఆయన ఎంచుకున్న కంప్యూటరు పెట్టెకు ముందువైపు అద్దం, ఎడమపక్కా అద్దమే. మరి గాలి ఎటునుంచి లోపలికి పోవాలండీ అని అడుగుదామనుకున్నాను. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. కౌంటర్లో కూర్చునే అక్క అడిగింది. సొంత అక్క కాదు, ఇద్దరం ఒకే స్కూలు. నా ముఖం చూసి నా ప్రశ్న తను అడగడం అక్కకు స్కూలు రోజుల నుంచీ అలవాటు.

మే 7, మంగళవారం

గాలి దారి గీశాను. కుడిపక్కన ఇనుప తలుపు వెంట మూడు ఫ్యాన్లు, అడుగున రెండు: ఈ ఐదూ లోపలికి పీల్చాలి. పైన మూడు, వెనక ఒకటి: ఈ నాలుగూ బయటికి వదలాలి. చల్లగాలి కిందనుంచీ పక్కనుంచీ వచ్చి గ్రాఫిక్స్ కార్డును తడిమి, వేడెక్కి, పైకి పోతుంది. ఇంతకంటే దీనిలో విద్య ఏమీ లేదు.

హెడ్‌ఫోన్ ఆయన నమూనా చూడటానికి వచ్చి, అద్దంలోంచి వేలు చూపించి పెదవి విరిచాడు. ఫ్యాన్లకు రంగుల లైట్లున్నాయి. లైటు అందమంతా ఫ్యాను ముఖంలోనే ఉంటుంది. వీపు వైపు నాలుగు ప్లాస్టిక్ పక్కటెముకలు, మధ్యలో స్టిక్కరు, ఒక తీగ. ఫ్యాను ముఖంతో పీల్చి వీపుతో వదులుతుంది కాబట్టి, లోపలికి పీల్చే ఐదు ఫ్యాన్లూ అద్దంలోంచి చూసేవాళ్లకు వీపే చూపిస్తాయి. ఆయనకు ముఖాలు కావాలి.

తిప్పి పెడితే అందంగానే ఉంటుంది, కానీ పెట్టె లోపలికి గాలి రాదు అని అక్కకు చెప్పాను. రెక్కలు ఎదురు వంపు తిరిగిన ఫ్యాన్లు దొరుకుతాయి, అవి ముఖం లోపలికి పెట్టినా గాలిని లోపలికే తోస్తాయి, తెప్పించడానికి వారం పడుతుంది అని కూడా చెప్పాను. "వారం ఆగుతాడా ఆ మనిషి? సరేలే, నేను మాట్లాడతా" అంది.

మాస్టారు ఆ సంగతి వినకపోయినా అక్కను ఇంకో సంగతికి కోప్పడ్డారు. పోయిన నెల ఎవరికో రెండు రోజుల్లో ఇస్తామని మాటిచ్చి ఎనిమిది రోజులు తిప్పిందట. "కౌంటర్లో కూర్చున్నది అమ్మడానికమ్మా, వరాలివ్వడానికి కాదు. ఇంకోసారి నోరు జారితే ఆ కుర్చీ ఉండదు" అన్నారు. అక్క నవ్వేసింది. నాకు మాత్రం రోజంతా ఆ మాట నన్నే అన్నట్టు ఉంది.

సాయంత్రం అక్క ఫోన్ నుంచి మెసేజ్: "నిట్టుర్పు ఫాన్లు వచ్చాయి." దీర్ఘం లేదు. స్కూల్లో కూడా దీర్ఘాలు మింగేది. "నీకు ఆకలి ఎక్కువా?" అని కాన్వెంట్లో పాఠం చెప్పే సిస్టర్ అడిగితే క్లాసంతా నవ్వింది. నేనెప్పుడూ దిద్దలేదు. దిద్దితే బాగుండదు.

ఆ మాటలు నేను పెట్టినవే. పనిలో చేరిన మొదటి నెలలో పీల్చే ఫ్యానుకు ఊపిరి అనీ, వదిలే ఫ్యానుకు నిట్టూర్పు అనీ చీటీ మీద రాశాను. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. మర్నాటి నుంచి అదే షాపు భాష అయిపోయింది. ప్రతి పెట్టెకూ లోపల ఇనుప తలుపు మీద ఒక గాలి చీటీ అంటించాలి, బయటికి పంపేముందు ఆయన చీటీనీ ఫ్యాన్లనూ సరిచూడాలి. చూడటమంటే మొదటి అక్షరం చూసి, ఫ్యాను మీద వేలు పెట్టి, టిక్కు కొట్టడం. "నాకు గాలి తెలియదు, చీటీ తెలుసు" అంటారు. సంతకం చేయాలా అని అడిగితే, "నీ రాతే సంతకం" అన్నారు. ఆ రోజు ఇంటికి నడిచే వెళ్లాను, బస్సెక్కడం మరిచిపోయి.

మే 9, గురువారం

ఎనిమిది పూర్తి. ఎనిమిదికీ పీలిక పరీక్ష అయింది. కిందా పక్కనా పీలికలు జాలీకి అతుక్కున్నాయి, పైనా వెనకా ఎగిరాయి. ఎనిమిది చీటీలు అంటించాను.

గొంతు నొప్పి.

మే 10, శుక్రవారం

జ్వరం. నూట రెండు.

మే 11, శనివారం

అక్క వచ్చింది. కమలాపళ్లు తెచ్చింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అమ్మతో అంది, "మీ అమ్మాయి కంప్యూటర్లకు చేసిన సేవలో సగం తనకు చేసుకుంటే ఈ జ్వరం వచ్చేది కాదత్తా." అమ్మ యూనిఫారాలకు కాజాలు కుడుతూ తల ఎత్తకుండా, "దానికి కూడా ఒక ఫ్యాను బిగించి పోమ్మా" అంది. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వితే దగ్గు.

మిగతా నాలుగూ తను బిగిస్తానంది. స్క్రూడ్రైవర్ పట్టడం తనకు నాకన్నా ముందే వచ్చు. చీటీల పుస్తకం, నా ఆకుపచ్చ పెన్ను కూడా బ్యాగులో తెచ్చింది. నాలుగు చీటీలు మంచంలోనే రాసిచ్చాను. దిండు మీద పెట్టి రాశాను, గీతలు వంకరపోయాయి. పుస్తకం, పెన్నూ తీసుకుని వెళ్లింది. వెళ్లేముందు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

మే 13, సోమవారం

ఇంకా నీరసం. కంప్యూటర్లు ఇవాళ వెళ్లిపోయాయని అక్క ఫోన్ చేసింది. మాస్టారు పన్నెండూ సరిచూశారట. "అన్నీ చీటీ ప్రకారమే ఉన్నాయి, నువ్వు పడుకో" అంది.

మే 15, బుధవారం

పనిలోకి వెళ్లాను. చీటీల పుస్తకం నా బల్ల మీదే ఉంది. పలచబడినట్టు అనిపించింది. కొత్త పుస్తకమే కదా అనుకున్నాను.

అక్క కొప్పులో ఆకుపచ్చ పెన్ను గుచ్చి ఉంది. షాపులో అలాంటివి బోలెడు.

మే 18, శనివారం

గేమ్ సెంటర్ ఇవాళే తెరిచారు. పదకొండింటికి మూడు తెరలు నల్లబడ్డాయట. మధ్యాహ్నానికి ఇంకో ఐదు. వేడి పట్టలేక వాటంతట అవే ఆగిపోయాయి. డబ్బు కట్టి కూర్చున్న పిల్లలు కుర్చీల్లోంచి లేచి నిలబడి అరిచారట. హెడ్‌ఫోన్ ఆయన షాపుకు వచ్చి కౌంటర్ మీద అరచేత్తో కొట్టిన చప్పుడు వెనక గదికి వినిపించింది. పన్నెండూ వెనక్కు తీసుకోమన్నాడు. అక్క ఏం చెబుతోందో వినిపించలేదు. అక్క ఎప్పుడూ గట్టిగానే మాట్లాడుతుంది.

మే 20, సోమవారం

మాస్టారు పిలిచారు. బల్ల మీద ఒక చీటీ. నిన్న ఆయనే వెళ్లి ఒక పెట్టెలోంచి ఊడదీసి తెచ్చారట. నన్ను కూర్చోమనలేదు. అక్క తలుపు దగ్గర నిలబడింది.

"రాత ఎవరిదమ్మా?"

నాదే. తలకట్లన్నీ మాట మొత్తం రాశాక చివర్లో ఒకేసారి పెడతాను. అందుకని అవి అక్షరాలకు అంటవు, కాస్త పైన వాలి, చినుకుల్లా ఉంటాయి. బల్లకు ఇవతల నుంచి చూసినా నా రాత నాకు తెలుస్తుంది. ఆకుపచ్చ సిరా.

"చదువు."

చదవలేకపోయాను. ఆయనే చదివారు. పక్క మూడు, నిట్టూర్పు. అడుగు రెండు, నిట్టూర్పు. పైన మూడు, నిట్టూర్పు. వెనక ఒకటి, నిట్టూర్పు. పన్నెండు చీటీలూ ఇలాగే ఉన్నాయట. ఫ్యాన్లన్నీ కూడా అలాగే, చీటీ ప్రకారమే.

"తొమ్మిది ఫ్యాన్లూ నిట్టూర్చడమే. ఊపిరి తీసేది ఒక్కటీ లేదు. ఏమ్మా, ఇంట్లో ఏమైనా కష్టమా?"

ఎగతాళికి అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. జ్వరంలో రాసి ఉంటానండీ అన్నాను. నా నోటితోనే అన్నాను. అక్క వెంటనే అందుకుంది: "పాపం, ఒళ్లు తెలియని జ్వరంలో రాసింది మాస్టారూ. దాన్నేమీ అనకండి."

మాస్టారు ఒకటో తేదీ నుంచి వెనక గది బల్ల అక్కకు ఇస్తారట. నేను ముందు కౌంటర్లో కూర్చోవాలి. ఈలోగా గేమ్ సెంటర్‌కు వెళ్లి ఫ్యాన్లన్నీ నేనే సరిచేసి రావాలి.

కౌంటర్. వచ్చిన ప్రతివాళ్లతో మాట్లాడాలి. మూడేళ్లలో ఆ బల్ల దగ్గర తప్ప ఈ ఊళ్లో ఎక్కడా నాకు ఊపిరాడినట్టు ఉండలేదు. ఆ మాట మాస్టారికి ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పే హక్కు కూడా లేదు.

అక్క బల్ల వద్దనలేదు. ఎలా అంటుంది, మాస్టారు చెప్పాక.

మే 20, మళ్లీ

తొమ్మిదో తేదీ పేజీ తిప్పి చూశాను. ఎనిమిది పూర్తి, ఎనిమిదికీ పీలిక పరీక్ష అయింది అని ఉంది. జ్వరం రాకముందు రాసినది. అదీ నా రాతే. చీటీదీ నా రాతే. దేన్ని నమ్మాలి?

గొంతు నొప్పి తొమ్మిదినే మొదలైంది. జ్వరం అప్పటికే ఉండి ఉంటుంది.

మే 21, మంగళవారం

అమ్మకు చెప్పాను. సూది నోట్లోంచి తీసి అంది, "నువ్వు టీలో ఉప్పు వేస్తావు. చెప్పులు మార్చి తొడుక్కుంటావు. రాతలో తప్పు మాత్రం పుట్టాక చేయలేదు. కిరాణా చీటీలో కూడా కామాలు పెడతావు కదే."

జ్వరమమ్మా అన్నాను.

"జ్వరం మనిషికి వస్తుంది. మాటకు రాదు" అంది. మళ్లీ కాజాల్లో పడింది.

మే 22, బుధవారం

గేమ్ సెంటర్. నల్ల పరదాలు, కొత్త కుర్చీల వాసన, గోడ నిండా మెరిసే గీతలు. ఎవరూ లేరు. "నువ్వేనా నా పెట్టెల ఊపిరి తీసింది?" అన్నాడు హెడ్‌ఫోన్ ఆయన. అవునండీ అన్నాను. ఆ మాటకు ఆయనే తడబడ్డాడు. మంచినీళ్ల సీసా ఒకటి నా పక్కన పెట్టి వెళ్లాడు.

వెళ్తూ వెళ్తూ అద్దంలోకి చూసి, "ముఖాలు ఇటు ఉంటేనే బాగున్నాయి. మీ కౌంటర్ అమ్మాయి సోమవారానికి తిప్పిస్తానని అన్నట్టే తిప్పించింది, కానీ ఏం లాభం" అన్నాడు.

విన్నాను. మరలు తీస్తున్నాను కదా, తీస్తూనే ఉన్నాను.

ఇనుప తలుపు ఊడదీసి ఒళ్లో పెట్టుకున్నప్పుడు చీటీ నా కళ్లకు జానెడు దూరంలో ఉంది. మొదటిసారి దగ్గరగా చదివాను.

పక్క మూడు — నిట్టుర్పు.

టు. దీర్ఘం లేదు. నాలుగు చోట్లా లేదు.

జ్వరంలో వేలు తప్పి ఉంటుంది అనుకుని రెండో పెట్టె విప్పాను. నిట్టుర్పు. మూడోది. నాలుగోది. సాయంత్రం ఐదింటికి ఆరు పెట్టెలు అయ్యాయి. ఆరింట్లోనూ అంతే. జ్వరంలో చెయ్యి వణకవచ్చు. ఇరవై నాలుగు సార్లు ఒకే చోట వణకదు.

గీతలు కూడా తిన్నగా ఉన్నాయి. నేను నాలుగు చీటీలు దిండు మీద పెట్టి రాశాను. వంకరపోయిన గీత ఒక్కటీ లేదు.

మొదటి పెట్టెలోని చీటీ ఇక్కడ అంటిస్తున్నాను.

మే 23, గురువారం

మిగతా ఆరు.

ఒకదాంట్లో చీటీ లేదు, మాస్టారు ఊడదీసుకెళ్లినది అదే. తక్కినవన్నీ అంతే.

ఫ్యాన్లు అరవై తిప్పాను. పీలికలు అంటించి, పన్నెండూ ఒకేసారి నడిపి, రెండు గంటలు కూర్చున్నాను. డెబ్బై ఒకటి, డెబ్బై, డెబ్బై రెండు. హెడ్‌ఫోన్ ఆయన ఒక్కో తెర ముందుకూ వెళ్లి చూసి, "ఇప్పుడు వీపులే కనిపిస్తున్నాయి" అన్నాడు. కొంచెం ఆగి, "పోనీలే, ఆడేవాడు తెర చూస్తాడు గానీ పెట్టె చూస్తాడా" అన్నాడు. ఎదురు వంపు ఫ్యాన్ల సంగతి నేనే చెప్పాను. వారం పడుతుందని కూడా. "ఈ మాట అప్పుడే చెప్పొచ్చుగా?" అన్నాడు.

ఏడో తేదీనే చెప్పాను. ఆయనకు కాదు.

తొమ్మిదో తేదీ పేజీ తప్పు కాదు. నేను ఎనిమిదింటికీ ఊపిరి పెట్టాను. అక్క పెట్టెల్లోని ఫ్యాన్లన్నీ తిప్పి, నా చీటీలు ఊడబీకి, మాస్టారు సరిచూసినప్పుడు తేడా రాకుండా కొత్త చీటీలు రాసింది. పన్నెండు. అంత ఓపిగ్గా. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసిన చేత్తోనే.

వేడి పెరుగుతుందని తెలియక చేసింది, అది వేరు. తెలిశాక తలుపు దగ్గర నిలబడి పాపం అంది. ఆ పాపం అన్న మాటే నాకు అరగడం లేదు.

ఆ రాత మా కాన్వెంట్ రాత. సిస్టర్ అందరికీ అలాగే నేర్పింది. అక్క రాతను మాస్టారు ఎప్పుడూ చూడలేదు. కౌంటర్లో అంతా కంప్యూటర్ బిల్లే కదా.

మే 24, శుక్రవారం

మాస్టారికి వెళ్లి చెప్పాలని పొద్దున రెండుసార్లు ఆయన గది దాకా వెళ్లాను. రెండుసార్లూ ఫ్యానుకు నూనె వేయాలా అని అడిగి వచ్చేశాను. అక్క ఎదురుగా నిలబడితే నా మాట నిలబడదు. నాకు తెలుసు.

మధ్యాహ్నం ఒక పెట్టె తయారైంది. తీసుకెళ్లే ఆయన ముందు గదిలో కూర్చుని ఉన్నాడు. నేను చేతులకు చిప్పు మీద రాసే కూలింగ్ పేస్టు పూసుకున్నాను. అవసరానికి మించే పూసుకున్నాను. ఆ సంగతి ఇక్కడైనా రాసుకోవాలి.

"అక్కా, ఈ చీటీ నువ్వు రాయవా? నా చేతులు చూడు."

మాస్టారు అప్పటికే సరిచూడటానికి వచ్చి నిలబడ్డారు. అక్క ఒక్క క్షణం నా వైపు చూసింది. కొప్పులోంచి పెన్ను తీసింది. మొదటి వరుస మెల్లగా, నిలువుగా, ఎవరో పరాయివాళ్ల రాతలా రాసింది. ముందు ఊపిరి. అంతలో ముందు గదిలోంచి ఆయన "అమ్మా, ఇంకెంతసేపు?" అన్నాడు. "వస్తున్నానండీ" అంటూ రెండో వరుస గబగబా రాసేసింది. వెనక నిట్టుర్పు. మాట అయ్యాక చివర్లో తలకట్లు మూడు, టక టక టక.

చీటీ మాస్టారికి నేనే అందించాను. ఆయన ఎప్పటిలాగే మొదటి అక్షరం మీద వేలు పెట్టి టిక్కు కొట్టబోయి ఆగారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి చీటీని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తన గదిలోకి వెళ్లి ఆ పాత చీటీ తెచ్చి, రెండూ నా బల్ల మీద పక్కపక్కన పెట్టారు.

ఎంతసేపు చూశారో. ముందు గదిలో ఆయన దగ్గాడు.

"పాతికేళ్లు ఇంకొకళ్లు కొట్టిన తప్పులు పట్టుకుని బతికాను" అన్నారు మాస్టారు. "పన్నెండు చీటీల్లో ఫ్యాన్లు లెక్కపెట్టాను గానీ మాట చదవలేదు." తర్వాత అక్కను చూసి చాలా మెల్లగా, "ఈ దీర్ఘం ఏదమ్మా?" అన్నారు.

అక్క నా చేతుల వైపు చూసింది, పేస్టు వైపు. అప్పుడు తెలిసింది తనకు.

మాస్టారు కౌంటర్ తాళం అడిగి తీసుకున్నారు.

మే 25, శనివారం

అక్క ఇంటికి వచ్చింది, సాయంత్రం. అమ్మ బట్టలు ఇచ్చి రావడానికి వెళ్లింది. స్టూలు మీద కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

హెడ్‌ఫోన్ ఆయన సోమవారానికి కావాలని పట్టుబట్టాడట. సరే అని మాటిచ్చేసిందట. ఇంకోసారి నోరు జారితే కుర్చీ ఉండదని మాస్టారు అన్నారు కదా అంది. వేడి ఒక ఐదు డిగ్రీలు పెరుగుతుందేమో అనుకుందట, ఆగిపోతాయని అనుకోలేదట. ఇదంతా నిజమే అయి ఉంటుంది.

"మరి తర్వాతైనా చెప్పొచ్చు కదక్కా" అన్నాను.

"తప్పు నాదంటే పంపించేస్తాడు. నీదంటే కోప్పడి ఊరుకుంటాడు. నీ మీద ఆయనకు ఆ నమ్మకం ఉంది. నీకేం పోయిందే? బల్ల మారుతుంది, అంతేగా."

అంతే అన్నాను.

"నువ్వు ఎలాగూ ఏమీ అనవని తెలుసు" అంది. ఆ మాట చెడ్డగా అనలేదు. నా పుట్టుమచ్చ ఎక్కడుందో చెప్పినట్టు అంది.

చెప్పులు వేసుకుంటూ అంది: "నన్ను అడిగుంటే మాస్టారికి నేనే చెప్పేదాన్ని. నువ్వు అడగలేదు. చేతులకు పేస్టు పూసుకుని రాయించావు. నీకు కూడా వచ్చన్నమాట."

"నువ్వూ నన్ను అడగలేదు కదక్కా."

"అవును" అంది. మెట్ల దగ్గర ఆగింది. "నీ రాత నేను కాపీ కొట్టానని చెప్పావా మాస్టారికి?"

చెప్పలేదన్నాను. ఆయనే అన్నారన్నాను.

"నువ్వు కాదనలేదుగా" అంది. నవ్వింది. ఎప్పటి నవ్వే. వెళ్లిపోయింది.

మే 26, ఆదివారం

ఏమీ లేదు. అమ్మ కాజాలకు దారాలు ఎక్కించాను. కమలాపండు ఒకటి మిగిలి ఉంటే ఎండిపోయింది, పారేశాను.

మే 27, సోమవారం

బల్ల నాదే. మాస్టారు పొద్దున్నే వచ్చి, తన కుర్చీ ఒకటి వెనక గదిలోకి తోయించారు. కౌంటర్లో తనే కూర్చుంటారట, కొత్త మనిషి దొరికేదాకా. "నన్ను క్షమించమని అడగను, నాకు అలవాటు లేదు. ఈ కుర్చీకి వీపు ఉంది, ఆ స్టూలుకు లేదు" అన్నారు. కూర్చున్నాను.

ఒక పెట్టె బిగించాను. పీలికలు కిందా పక్కనా అతుక్కున్నాయి, పైనా వెనకా ఎగిరాయి. చీటీ రాయబోతే చెయ్యి ఆగింది. తలకట్లు ఎక్కడికక్కడ పెడుతూ రాసి చూశాను. ఎవరి రాతో అనిపించింది. చించేసి, ఎప్పటిలాగే రాశాను. మాట మొత్తం అయ్యాక, చివర్లో, వరుసగా.

మాస్టారు టిక్కు కొట్టేముందు ఈసారి ప్రతి మాటా చదివారు. "ఈ రాత ఇంకెవరికీ రాదనుకున్నాను. ఆ అమ్మాయి బాగానే నేర్చుకుంది" అన్నారు.

అవునండీ అన్నాను.

గురువారం పేజీలో సిస్టర్ అందరికీ అలాగే నేర్పిందని రాశాను. సిస్టర్ ఎవరికీ అలా నేర్పలేదు. తలకట్లు చివర్లో పెట్టేది స్కూలు మొత్తంలో అక్క ఒక్కతే. ఆరో తరగతిలో నేను అక్క నోట్సు అడిగి ఇంటికి తెచ్చుకుని, ఆ సెలవులన్నీ దాన్ని చూసి రాసి రాసి ఆ రాత నేర్చుకున్నాను.